ఏది సీసీ, ఏది కాదు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల మీద ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్రౌడ్ కంట్రోల్, అంటే శత్రువును కొంతసేపు కట్టడి చేసే స్కిల్స్ గురించే ఉన్నాయి. ఆటగాళ్లు క్లుప్తంగా సీసీ అని పిలుచుకునే ఈ స్కిల్స్ లెక్కలోకి ఏవి వస్తాయి, ఏవి రావు అన్న విషయం మీద స్నేహితుల మధ్య, గిల్డులనే ఆటగాళ్ల సంఘాల్లో, చివరికి ఒకే ఇంట్లో పెరుగుతున్న అక్కాతమ్ముళ్ల మధ్య కూడా వాదన నడుస్తున్నట్టు వాటిని చదివితే తెలుస్తోంది. అందువల్ల ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మేము నలుగురం కలిసి ఒక పార్టీగా ఆడతాం. మాలో మేజ్‌గా, అంటే మంత్రగాడిగా ఆడే స్నేహితుడు మంచు మంత్రాలతో శత్రువుల నడకను నెమ్మదింపజేస్తాడు, దాన్ని సీసీ అంటాడు. శత్రువు పూర్తిగా ఆగిపోతేనే సీసీ అని, స్టన్ తప్ప మిగిలినవి లెక్కలోకి రావని మా పార్టీ లీడర్ వాదన. ఎవరి మాట సరి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: మీ మేజ్ మాటే సరి. ఒక స్కిల్ పేరును బట్టిగాని, తెర మీద అది కనిపించే తీరును బట్టిగాని తీర్పు చెప్పకూడదు. అది తగిలిన తరువాత శత్రువు ఏ పని చేయలేకపోతున్నాడో చూడాలి. ఏ ఆటలోనైనా ఒక పాత్రకు ముఖ్యంగా మూడు అధికారాలు ఉంటాయి: కోరిన చోటికి కదలడం, తన స్కిల్స్ వాడడం, వాటిని ఎవరి మీద వాడాలో తానే నిర్ణయించుకోవడం. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నైనా కొంతసేపు లాగేసుకునే స్కిల్‌గాని, కుదించే స్కిల్‌గాని సీసీ అవుతుంది. హెల్త్ తగ్గించేది దెబ్బ మాత్రమే. కవచాన్ని పలుచన చేసేది, శత్రువు దెబ్బ బలాన్ని తగ్గించేది డీబఫ్. అవి అంకెలను మారుస్తాయి తప్ప శత్రువు చేతులు కట్టేయవు.

ఈ కొలతతో చూస్తే, స్టన్ పడిన వాడికి మూడు అధికారాలూ పోతాయి. రూట్ పడిన వాడు కాలు కదపలేడు గాని ఉన్నచోటి నుంచే కొట్టగలడు. సైలెన్స్ మంత్రాలను ఆపుతుంది, డిసార్మ్ ఆయుధాన్ని ఆపుతుంది. ఫియర్ తగిలిన వాడు దిక్కు తెలియకుండా పరిగెడతాడు, చార్మ్ తగిలిన వాడు ఏకంగా మన పక్షాన పోరాడతాడు. స్లో నడకను పూర్తిగా ఆపదు, కుదిస్తుంది. శత్రువును పూర్తిగా నిలిపివేసే వాటిని ఆటగాళ్లు హార్డ్ సీసీ అని, ఒకటో రెండో అధికారాలను మాత్రమే తగ్గించే వాటిని సాఫ్ట్ సీసీ అని అంటారు. మీ లీడర్ మొదటి రకాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటున్నారు.

ఈ స్కిల్స్ ఏ అవసరం కోసం పుట్టాయో తెలుసుకుంటే తగవు ఇంకా సులభంగా తేలుతుంది. నిద్రపుచ్చే మంత్రమూ వశపరచుకునే మంత్రమూ 1974లో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి ప్రతిలోనే ఉన్నాయి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆ ఆటలోని మంత్రాలు తరువాత కంప్యూటర్ ఆటల్లోకి వచ్చి, 1999 మార్చిలో విడుదలైన ఎవర్‌క్వెస్ట్ నాటికి ఒక క్లాస్‌కు, అంటే ఒక రకం పాత్రకు ప్రధాన విధిగా స్థిరపడ్డాయి. ఆ ఆటలో ఒక రాక్షసుణ్ణి కదిపితే పక్కనున్న మరో ముగ్గురు నలుగురు కూడా వచ్చి మీద పడేవారు. అందరి దెబ్బలనూ ఒకేసారి కాచుకోవడం ముందు నిలిచే వారియర్ వల్ల గాని, అతనికి హీల్ వేసే క్లెరిక్ వల్ల గాని అయ్యేది కాదు. అప్పుడు ఎన్‌చాంటర్ అనే మంత్రగాడు ఒకరిని వదిలి మిగిలిన వారిని ఒక్కొక్కరుగా మైమరపులో పడేసేవాడు. ఆటగాళ్లు దీన్ని మెజ్ అంటారు. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తినప్పుడు యార్డుకు సెలవు ప్రకటించి, లోపల పేరుకున్న మిర్చి టిక్కీలు (బస్తాలు) కదిలాకే కొత్త సరుకును రానిస్తారు. ఎన్‌చాంటర్ చేసే పనీ అదే: పార్టీ తట్టుకోగలిగినంత మందిని మాత్రమే ఒక విడతకు పోరులోకి రానిస్తాడు. వారియర్, క్లెరిక్, ఎన్‌చాంటర్ ముగ్గురూ కుదరకుండా కష్టమైన చోట్లకు వెళ్లడానికి అప్పటి ఆటగాళ్లు వెనుకాడేవారు.

అయితే మీ లీడర్ పట్టుదల వెనుక ఒక నిజం లేకపోలేదు. దగ్గరికి వచ్చి కొట్టే శత్రువు మీద స్లో వేస్తే, అతను మిమ్మల్ని చేరేలోపు నాలుగు దెబ్బలు ఎక్కువ వేయగలుగుతారు. అదే స్లోను దూరం నుంచి బాణాలు వేసే వాడి మీద వాడితే, వాడు నడవాల్సిన అవసరమే లేదు కాబట్టి ఫలితం దాదాపు సున్నా. మంత్రాలే లేని యోధుడి మీద సైలెన్స్ కూడా అంతే. కాబట్టి స్లో సీసీయా కాదా అని వాదించుకునే కంటే, ఎదుట ఉన్న శత్రువుకు ఏ అధికారం ప్రాణమో గుర్తించి దాన్నే తీసేసే స్కిల్ వాడుతున్నారా లేదా అని మీ నలుగురూ చూసుకోవడం మేలు.

ప్రశ్న: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో నేను మేజ్‌ని. డంజన్‌లో, అంటే పార్టీగా వెళ్లి పోరాడే కోట, గుహ వంటి చోట, ఒక శత్రువును గొర్రెగా మార్చి పక్కన ఉంచగానే మా వాళ్లలో ఎవరో ఒకరు దాన్ని కొట్టి లేపేస్తున్నారు. పైగా ఎవరు ఎంత దెబ్బ వేశారో చూపే డ్యామేజ్ మీటర్‌లో నా పేరు అడుగున ఉందని అంటున్నారు. దెబ్బ తగలగానే విడిపోయేది కూడా సీసీయేనా? దానికి నిజంగా విలువ ఉందా?
– ప్రైవేటు ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సీసీయే. పైగా పార్టీ ఆటలో అత్యంత విలువైన సీసీల్లో అది ఒకటి. దెబ్బ తగిలితే విడిపోవడం అన్నది దాని లోపం కాదు, అంత ఎక్కువసేపు నిలిచినందుకు ఆట రూపకర్తలు పెట్టిన షరతు. స్టన్‌లో ఉన్న శత్రువును ఎంత కొట్టినా ఆ స్టన్ విడిపోదు, అందుకే అది కొన్ని సెకన్లే ఉంటుంది. మీ గొర్రె మంత్రం, పాలీమార్ఫ్, పై ర్యాంకులో రాక్షసుల మీద 50 సెకన్ల వరకు నిలుస్తుంది. అయితే అది మనుషుల వంటి జాతుల మీద, మృగాల మీద, చిన్న ప్రాణుల మీద మాత్రమే పనిచేస్తుంది. ఒక మేజ్ ఒకసారి ఒక్క శత్రువునే గొర్రెగా ఉంచగలడు. గొర్రెగా ఉన్నంతసేపూ ఆ శత్రువు హెల్త్ వేగంగా తిరిగి నిండుతుంది. కాబట్టి సగం చచ్చిన వాణ్ణి గొర్రెను చేస్తే అంతవరకు పడిన శ్రమంతా వృథా అవుతుంది. పోరు మొదట్లోనే ఆ పని పూర్తి కావాలి.

మీ గొర్రె లేచిపోవడానికి నా అంచనాలో మూడు కారణాలు ఉంటాయి. మొదటిది, అందరూ ఒకే శత్రువును కొట్టకపోవడం. తల మీద పుర్రె గుర్తు ఉన్న వాణ్ణి ముందు చంపాలని, చంద్రుడి గుర్తు ఉన్న వాణ్ణి మేజ్ గొర్రెను చేస్తాడని ఆటగాళ్లలో చాలాకాలంగా ఒక వాడుక ఉంది. పార్టీ లీడర్ ప్రతి గుంపుకూ ఆ గుర్తులు పెట్టాలి. రెండవది, చుట్టుపక్కల అందరికీ తగిలే ఏఓఈ దెబ్బలు. ముందు నిలిచి దెబ్బలు కాచే ట్యాంక్ మిగిలిన శత్రువులను గొర్రె నుంచి పది అడుగులు పక్కకు లాక్కుపోతే ఆ బెడద చాలావరకు తీరుతుంది. మూడవది చాలామంది గమనించరు: వార్‌లాక్ ముందే వేసిన శాపం వంటి కొద్దికొద్దిగా కొరికే స్కిల్ ఒకటి శత్రువు మీద ఉంటే, మీరు ఎన్నిసార్లు గొర్రెను చేసినా మరుక్షణం లేస్తుంది. పుర్రె గుర్తు లేని వారి మీద అటువంటివి వేయవద్దని మీ వార్‌లాక్‌కు చెప్పండి. ఇక లేచిన గొర్రె నేరుగా మీ మీదికే వస్తుంది కనుక ఒక కన్ను దాని మీదే ఉంచి, గడువు తీరకముందే మళ్లీ మంత్రం వేయాలి.

డ్యామేజ్ మీటర్ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. 50 సెకన్ల పాటు శత్రువు వేయలేకపోయిన దెబ్బలను, హీలర్‌కు మిగిలిన మానాను (మంత్రశక్తిని), ప్రాణాలతో మిగిలిన ట్యాంక్‌ను ఆ మీటర్ చూపదు. దానికి కనబడే అంకె ఒక్కటే కాబట్టి ఆ అంకెతోనే మనిషిని కొలవడం అన్యాయం. అదే సమయంలో, గుంపు మొత్తాన్ని ట్యాంక్ సునాయాసంగా కాచుకుంటున్నప్పుడు గొర్రె కోసం అందరినీ ఆపడం కూడా సరికాదు. ఈ ఆట చరిత్రలోనే రెండు కాలాలూ ఉన్నాయి. 2008 నవంబరులో వచ్చిన ర్యాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ అనే విస్తరణ కాలంలో డంజన్లను ఏఓఈతో ఊడ్చిపారేయడం అలవాటై సీసీ మూలపడింది. 2010 డిసెంబరులో కాటక్లిజం విస్తరణ మొదలవగానే హీరోయిక్ అనే కఠిన స్థాయి డంజన్లలో సీసీ లేకుండా అడుగు పడని స్థితి మళ్లీ వచ్చింది. అప్పట్లో దాన్ని తిట్టుకున్న వారు చాలామంది ఉన్నారు. ఐదుగురూ ఒకరి పని ఒకరు గమనిస్తూ ఆడిన ఆ డంజన్లే నాకు ఎక్కువ ఇష్టం.

ఆట మారితే దెబ్బ నియమమూ తలకిందులు కావచ్చు. కొరియా నుంచి వచ్చిన రాగ్నరాక్ ఆన్‌లైన్‌లో గడ్డకట్టిన శత్రువు నీటి గుణానికి మారతాడు, నీటి గుణానికి మెరుపు దెబ్బ ఎక్కువ. అక్కడి మేజ్ మొదట ఫ్రాస్ట్ డైవర్‌తో గడ్డకట్టించి, వెంటనే మెరుపు మంత్రంతో కొడతాడు. దెబ్బతో మంచు విడిపోయినా ఫరవాలేదు, ఎందుకంటే గడ్డకట్టించిందే ఆ ఒక్క దెబ్బ కోసం.

ప్రశ్న: మా అమ్మాయి ప్రీస్ట్‌గా, మా అబ్బాయి వారియర్‌గా వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ ఆడుకుంటారు. "నువ్వు హీల్ వేస్తే చాలక్కా, సీసీ నీ పని కాదు" అంటాడు వాడు. "నాకూ ఆ స్కిల్స్ ఉన్నాయిరా" అంటుంది ఇది. పరీక్షలైపోయాయని ఆడుకోనిస్తే రోజూ ఇదే గొడవ. మీరే చెప్పండి.
– గృహిణి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమమ్మా. ప్రీస్ట్ దగ్గర చుట్టూ చేరిన శత్రువులను భయపెట్టి చెదరగొట్టే సైకిక్ స్క్రీమ్ ఉంది, మృతజీవులను సంకెళ్లతో కట్టిపడేసే షాకిల్ అన్‌డెడ్ ఉంది. స్ట్రాథోమ్, స్కాలొమాన్స్ వంటి మృతజీవులతో నిండిన డంజన్లలో మేజ్ గొర్రె మంత్రం చాలామంది మీద పనిచేయదు. అక్కడ ప్రీస్ట్ సంకెళ్లే పార్టీకి ఆధారం. అదే విధంగా డ్రూయిడ్ మృగాలను, డ్రాగన్ జాతిని నిద్రపుచ్చుతాడు. వార్‌లాక్ దయ్యాలను, పంచభూతాల జీవులను కాసేపు పోరుకు అందకుండా వెలివేస్తాడు. అలా వెలి పడిన వాడికి మన దెబ్బ కూడా తగలదు. రోగ్ చాటుగా వెళ్లి పోరు మొదలుకాకముందే ఒకరిని మత్తులో ముంచుతాడు. మీ అబ్బాయి వారియర్‌కూ కాళ్లు నెమ్మదింపజేసే హ్యామ్‌స్ట్రింగ్, అరిచి భయపెట్టే కేక ఉన్నాయి. అంటే ఆ ఆటలో సీసీ అందరికీ పంచిన పని. 2004 ఏప్రిల్‌లో వచ్చిన సిటీ ఆఫ్ హీరోస్ మరో దారి పట్టి, కంట్రోలర్ పేరుతో దానికే ఒక ప్రత్యేక క్లాస్‌ను పెట్టింది.

తమ్ముడి భయానికీ కారణం ఉండి ఉండవచ్చు. సైకిక్ స్క్రీమ్‌తో చెదిరిన శత్రువులు పరిగెత్తి పక్కనున్న మరో గుంపును తాకితే, ఆ గుంపు కూడా వెంటబడి వస్తుంది. అప్పుడు దెబ్బలన్నీ కాచుకోవాల్సింది వారియరే. ఇరుకైన గదుల్లో ఆ స్కిల్‌ను మరీ ప్రాణం మీదికి వచ్చినప్పుడే వాడమని అక్కకు, సంకెళ్లలో ఉన్న వాణ్ణి కొట్టవద్దని తమ్ముడికి చెప్పండి.

ప్రశ్న: టాంట్, నాక్‌బ్యాక్, శత్రువు మంత్రాన్ని మధ్యలో తెంచే కిక్, ఇవి మూడూ సీసీయేనా? శత్రువును చంపడాన్ని మించిన సీసీ లేదని మా గిల్డ్‌లో ఒక అన్న అంటారు.
– డిగ్రీ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నాక్‌బ్యాక్ నిస్సందేహంగా సీసీ, ఎందుకంటే శత్రువు ఎక్కడ ఉండాలో మీరు నిర్ణయిస్తున్నారు. వెనక్కి నెట్టడమే కాకుండా దగ్గరికి లాగడమూ ఇందులోకే వస్తుంది. గెన్‌షిన్ ఇంపాక్ట్‌లో వెంటీ తన పెద్ద స్కిల్‌తో తేలికపాటి శత్రువులను ఒక్క చోటికి చేర్చడం ఇందుకు ఉదాహరణ. కిక్ హద్దు మీద ఉంది: ఆ మంత్రాన్ని తెంచి, ఆ తరగతి మంత్రాలన్నిటినీ కొన్ని సెకన్లు మూసేస్తుంది కాబట్టి నేను దాన్ని సీసీగానే లెక్కిస్తాను, వేరుగా ఉంచే ఆటగాళ్లూ ఉన్నారు. టాంట్ శత్రువు ఎవరిని కొట్టాలో నిర్ణయిస్తుంది, ఆ లెక్కన అదీ రావాలి; కాని అది ట్యాంక్ నిత్యవిధి కావడం వల్ల, సాధారణంగా ఎదుటి ఆటగాళ్ల మీద పనిచేయకపోవడం వల్ల వాడుకలో ఎవరూ దాన్ని సీసీ అనరు. చంపడం సీసీ కాదు. చంపేదాకా బతికి ఉండడానికే సీసీ అవసరం.

ప్రశ్న: మనుషులతో పోరులో నేను వేసే మొదటి స్టన్ పూర్తిగా పడుతుంది, రెండోది సగమే ఉంటుంది, నాలుగోది అసలు పడదు. మా ఇంటి నెట్ సమస్యా, ఆటలో లోపమా?
– ఇంటర్ విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: రెండూ కావు. మీరు చెప్పిన క్రమమే అది నియమమని రుజువు చేస్తోంది. దీన్ని డిమినిషింగ్ రిటర్న్స్ అంటారు, ఆటగాళ్ల మాటలో డీఆర్. వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో బాగా తెలిసిన లెక్క ఇది: ఒకే తరగతి సీసీ వెంటవెంటనే తగిలితే మొదటిది పూర్తి గడువు, రెండోది సగం, మూడోది పావు వంతు ఉంటాయి, నాలుగోది పడదు. 8 సెకన్ల ఫియర్ 4కు, తరువాత 2కు తగ్గి, ఆపైన సున్నా అవుతుంది. కాసేపు ఆ తరగతి సీసీ ఏదీ తగలకుండా ఉంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. రాక్షసుణ్ణి నిమిషం పాటు కట్టేసినా వాడికి విసుగు రాదు. మనిషిని అలా కట్టేస్తే, తన పాత్ర చావడం చూస్తూ కూర్చోవడం తప్ప అతనికి ఆట మిగలదు. అందుకే మనుషుల మధ్య పోరు ఉన్న చాలా పెద్ద ఆటలు ఏదో ఒక రక్షణ పెట్టాయి. 2001లో వచ్చిన డార్క్ ఏజ్ ఆఫ్ క్యామలాట్‌లో ఒక సీసీ విడిపోగానే ఆ రకం మళ్లీ తగలని గడువు మొదలవుతుంది. 2011 డిసెంబరు నాటి స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్‌లో సీసీ తగిలినకొద్దీ రిజాల్వ్ అనే పట్టీ నిండుతుంది, పూర్తిగా నిండితే కొంతసేపు ఏ సీసీ తగలదు. 2014లో వచ్చిన ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లోనైతే ఆటగాడే తన స్టామినా ఖర్చు పెట్టి కట్లు తెంచుకోవచ్చు.

మీరు నేర్చుకోవాల్సింది తరగతులు. స్టన్ ఒక తరగతి, ఫియర్ మరో తరగతి. గొర్రె మంత్రమూ రోగ్ మత్తూ ఒకే తరగతి కాబట్టి ఒకదాని వెంట ఒకటి వేస్తే రెండోది సగానికి పడిపోతుంది. మీరూ మీ జోడీ ఒకే స్టన్‌ను పోటీపడి వేసే బదులు, మీ స్టన్ విడిపోయే క్షణానికి అతని ఫియర్ తగిలేలా చూసుకుంటే రెండూ పూర్తి గడువు నిలుస్తాయి. మీ మీద సీసీ పడినప్పుడు కూడా, కట్లు విడిపించే ట్రింకెట్‌ను మొదటి చిన్న స్టన్‌కే వాడేయకండి. మీ హీలర్‌ను గొర్రెను చేసి, మీ హెల్త్ సగానికి దించిన తరువాత వచ్చే స్టన్ కోసమే శత్రువు చూస్తుంటాడు, ట్రింకెట్ అప్పటికి మిగిలి ఉండాలి.

ప్రశ్న: బాస్‌ల, అంటే అందరికంటే బలమైన పెద్ద శత్రువుల మీద స్టన్ గాని, స్లో గాని పనిచేయడం లేదు. అటువంటప్పుడు సీసీ స్కిల్స్ అన్నీ తీసేసి డ్యామేజ్ స్కిల్సే పెట్టుకోవచ్చా?
– చిరువ్యాపారి, గుణదల, విజయవాడ

జవాబు: తీసేయకండి. బాస్‌ను స్టన్‌లో పెట్టే వీలుంటే పది మంది వంతుల వారీగా స్టన్ వేస్తూ వాడిని కదలనీయకుండా చంపేస్తారు. ఆ భయంతోనే చాలా ఆటలు బాస్‌లకు సీసీ అంటకుండా చేశాయి. అయితే పూర్తిగా తలుపు మూయని ఆటలూ ఉన్నాయి. సిటీ ఆఫ్ హీరోస్‌లో ప్రతి సీసీకీ ఒక బలం ఉంటుంది. మామూలు శత్రువును ఒక్క హోల్డ్ (కదలనీయని సీసీ) పట్టేస్తే, బాస్‌ను పట్టడానికి మొదటిది విడిపోకముందే దాని మీద రెండోది వేయాలి. గిల్డ్ వార్స్ 2లో 2015 అక్టోబరులో వచ్చిన హార్ట్ ఆఫ్ థార్న్స్ అనే విస్తరణతో బాస్ హెల్త్ కింద డిఫయన్స్ పట్టీ వచ్చింది. అక్కడ స్టన్, నాక్‌బ్యాక్ వంటివి ఆ పట్టీని ఒక్కసారిగా కొంత తరిగిస్తాయి, స్లో వంటివి నిలిచి ఉన్నంతసేపూ కొద్దికొద్దిగా తరిగిస్తాయి. పట్టీ పూర్తిగా తెగితే బాస్ కాసేపు నిస్సహాయంగా నిలబడిపోతాడు. 2023లో వచ్చిన డయాబ్లో 4లోనూ బాస్‌కు తగిలే సీసీ ఒక స్టాగర్ పట్టీని నింపుతుంది, నిండగానే బాస్ కుప్పకూలుతాడు. ఇటువంటి ఆటల్లో సీసీ లేని పార్టీ, డ్యామేజ్ ఎంత ఉన్నా, బాస్ పెద్ద దెబ్బలన్నీ తింటూనే ఉండాలి.

ఇటువంటి పట్టీలేవీ లేని ఆటల్లో కూడా బాస్ మధ్యలో పిలిచే అనుచరులు ఉంటారు, వారి మీద మీ స్కిల్స్ చక్కగా పనిచేస్తాయి. అందువల్ల ఒక హార్డ్ సీసీని, ఒక కిక్‌ను ఎప్పుడూ ఉంచుకుని మిగిలిన చోట్లలో డ్యామేజ్ స్కిల్స్ పెట్టుకోండి. మీరు ఆడేది గిల్డ్ వార్స్ 2 అయితే మరొక్క మాట: పట్టీ బూడిద రంగులో ఉన్నప్పుడు సీసీ వేస్తే దానికి ఏమీ కాదు, మీ స్కిల్ మాత్రం ఖర్చయి, మళ్లీ సిద్ధమయ్యేదాకా ఆగాల్సి వస్తుంది. అది నీలం రంగులోకి మారేదాకా ఆగి, మారగానే పార్టీ అంతా ఒకేసారి వేయాలి.